నోట రాని పేరు

ఉద్ధవ్ ధరువా మౌనం దగ్గర మన కథ నిలిచింది. మణిగఢ్ ధాన్యం మండీలో తరుగు పేరిట బస్తా బస్తాకూ కోత పెడుతున్నారని, గేటుకు అడ్డంగా నిలబడిన ఘాసిరాం బాగ్ అనే రైతు పట్టపగలు కాటా ఇనుపకడ్డీ దెబ్బకు కూలి ప్రాణం విడిచాడు. మండీ కాంట్రాక్టరు భవానీ గౌంతియా ముద్దాయిల బోనెక్కాడు. చూసినవారు ఎందరున్నా చూశానని ఒప్పుకొన్నవాడు మాత్రం ఒక్కడే, బస్తాలు మోసే ఉద్ధవ్. ఆ ఒక్కడూ నేటి ఉదయం సాక్షి బోనులో నిలబడి, "ఘాసిరాంను కొట్టింది ఎవరు?" అన్న ప్రశ్నకు పెదవి కదపలేదు.

అడిగినది అదనపు పబ్లిక్ ప్రాసిక్యూటర్ సుకాంతి మెహెర్. ఒకమారు అడిగింది, తల దించుకొన్నాడు. మరల అడిగింది, భుజం మీది గంఛా తువ్వాలు కొసను వేలికి చుట్టుకోసాగాడు. గొంతు పెంచి అడిగింది. ఇటు ముద్దాయిని గాని, అటు న్యాయాధిపతిని గాని చూడక, తన కాళ్లకింది చెక్కలను చూస్తూ కొయ్యబారి నిలిచాడు.

"హుజూర్, మా చెల్లెమ్మగారి సాక్షికి గొంతులో ముఢీ మరమరాలు అడ్డం పడినట్టుంది. ఎవరైనా కాసిని మంచినీళ్లు ఇప్పించండి" అన్నాడు ముద్దాయి తరఫు వకీలు మహాపాత్ర. కోర్టు హాలంతా గొల్లుమన్నది. ఉద్ధవ్, సుకాంతి కాక నవ్వనివారు ఇద్దరే. చివరి బల్లమీద వాయిదా వాయిదాకూ వచ్చి కూర్చునే ఘాసిరాం భార్య ఒకరు. బోనులో నిలిచిన భవానీ గౌంతియా రెండవవాడు. అతడెందుకు నవ్వలేదో అప్పుడు సుకాంతికి తట్టలేదు.

జడ్జి త్రిపాఠీ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "భోజనాల తరవాత కూడా ఇతను ఇలాగే నిలబడితే, ఇతని సాక్ష్యం అయిపోయినట్టు రాసేసుకుంటాను మేడమ్. కోర్టు మౌనవ్రతాలకి చోటు కాదు" అని లేచి వెళ్లిపోయాడు.

సుకాంతి కాగితాలు సర్దుకొంటున్నది. ఆ నవ్వుల అవమానం ఇంకా తీరలేదు. వెనుక కుర్చీలోంచి కేసు దర్యాప్తు జరిపిన ఇన్‌స్పెక్టర్ అనంగ్ బెహెరా లేచి, ఆమె చేతిలోని ఫైళ్లను మర్యాదగా తాను అందుకొన్నాడు. ఈ కేసు మొదలైననాటి నుండి ఆయన అంతే. కాగితం కావాలనకముందే కాగితం, టీ కావాలనకముందే టీ.

"బాధపడకండి మేడమ్. డబ్బు తినేశాడు వాడు. ఎదురు తిరిగిన సాక్షి అని ప్రకటించెయ్యండి. కడ్డీ ఉంది, నెత్తురు పరీక్ష ఉంది, మన బండి నడుస్తుంది" అన్నాడు బెహెరా.

"కడ్డీ కొట్టినట్టు చెబుతుంది గాని, ఎవరి చేతిలోంచి కొట్టిందో చెప్పదు కదా ఇన్‌స్పెక్టర్ గారూ" అన్నది సుకాంతి.

జిల్లా పబ్లిక్ ప్రాసిక్యూటర్ గదాధర్ హోతా కబురు పెట్టాడని బంట్రోతు అప్పుడే వచ్చి చెప్పాడు.

* * *

ఆ గదిలో గోడనిండా బీరువాలు. వాటి నడుమ, చందనం చుక్కలు ఎండి రాలుతున్న పటంలో, గుండ్రని కన్నులతో జగన్నాథుడు. ఆ కన్నులకు రెప్పలు లేవు. అందుచేత ఆ గదిలో ఏమి జరిగినా చూడక తప్పని స్థితి ఆయనది. పటం కింద కూర్చొని హోతా తమలపాకు ఈనెలు తీస్తున్నాడు. సుకాంతి నల్లకోటు తొడిగిన మొదటినాడు ఈ వృత్తిలో ఆమెకు అక్షరాభ్యాసం చేయించిన గురువు ఆయనే.

"తలుపు దగ్గరగా వెయ్యమ్మా. కూర్చో. భోంచేశావా?"

"లేదు సార్."

"అయితే తొందరగా కానిద్దాం. ఇది చదివి సంతకం పెట్టు. చదవకుండా పెట్టినా నాకేం అభ్యంతరం లేదు." ఒక కాగితాన్ని ఆమె వైపు తోశాడు.

సుకాంతి చదివింది. ప్రజాహితాన్ని దృష్టిలో ఉంచుకొని భవానీ గౌంతియాపై అభియోగాన్ని ఉపసంహరించుకొనడానికి అనుమతించవలసినదని కోర్టును వేడుకొనే అర్జీ అది. కింద ఆమె పేరు, హోదా అచ్చయి ఉన్నవి. వాటిపైన సంతకానికి వదిలిన జాగా ఒక్కటే ఖాళీ.

"ఇది ఎవరు రాశారు సార్?"

"పైనుంచి వచ్చింది."

"పైనుంచి వానకూడా వస్తుంది సార్. దాన్నైనా ఏ మబ్బు తెచ్చిందో తలెత్తి చూస్తాం."

హోతా నవ్వాడు. నవ్వుతూనే ఆకుకు సున్నం రాశాడు. "ఈ నోరు చూసే నిన్ను నా జూనియర్‌గా తీసుకున్నాను. ఈ నోరే నిన్ను ముంచుతుంది. చూడమ్మా, పొద్దున ఏం జరిగిందో ఊరంతా చూసింది. సాక్షి మాట్లాడలేదు. కేసు ఎటూ పోతుంది. ఓడిపోయి పోగొట్టుకునేదాన్ని ముందే వదిలేస్తే మర్యాద మిగులుతుంది."

"ఎవరి మర్యాద సార్? ఆ చివరి బల్లమీద కూర్చునే ఆమెదా?"

"సర్కారుది."

"సర్కారు కోరుకోవచ్చు, అడగవచ్చు. కానీ కేసు నడుపుతున్న ప్రాసిక్యూటరు తన బుద్ధితో ఆలోచించి, తనకు సమ్మతమైతేనే ఈ అర్జీ వెయ్యాలి. ఇంకొకరి బుద్ధికి నా సంతకం అరువివ్వడానికి చట్టంలో చోటు లేదు. ఇది..."

"నేనే చెప్పాను. తెలుసు. నా పాఠం నాకే అప్పజెప్పకు."

"అయితే మీరే పెట్టండి సార్ సంతకం. నాకన్నా పెద్ద ప్రాసిక్యూటర్ మీరు."

గురువు చేతిలోని ఆకు మడత సగంలో ఆగింది. "కేసు నీ మీద ఉంది. ఇప్పుడు నేను తీసుకుంటే త్రిపాఠీ ఊరుకోడు, ఎందుకూ అని అడుగుతాడు."

"ఏం చెప్పాలో మీకు తెలియదన్నమాట. నాకు మాత్రం తెలుస్తుందా?"

హోతా ఆకు మడతను పూర్తి చేశాడు. తరువాత హోతా కంఠం మెత్తబడింది. ఆ మెత్తదనం ఆమె ఎరుగును. ఎదుటి సాక్షిని చేరదీసి చివరి ప్రశ్న వేయబోయే ముందు ఆయన గొంతు ఇలాగే మెత్తబడుతుంది.

"నెలాఖరుకి నీ నియామకం గడువు తీరిపోతుంది. పొడిగింపు ఉత్తరువు టైపయి ఉంది. నీ సంతకం ఇక్కడ పడితే దాని మీద సంతకం అక్కడ పడుతుంది. పడకపోతే... నువ్వు మళ్లీ కోర్టు వాకిట్లో మడతబల్ల వేసుకుని అఫిడవిట్లు రాసుకోవాలి. నేతవీధి నుంచి వచ్చిన పిల్ల సర్కారు వకీలైందని మీ నాన్న పాపం చెప్పుకోని మనిషి లేడు. ఆయన్ని చూసైనా ఆలోచించు."

తండ్రి మాట రాగానే సుకాంతి వెన్ను నిటారు చేసి కూర్చున్నది. బాంధా చీరల నేతలో పూవు మగ్గం మీద పుట్టదు. మగ్గం ఎక్కకముందే నూలుకు ముడులు వేసి రంగులో ముంచుతారు. ముడి తప్పితే ఆ తప్పును తరువాత ఏ నేర్పుతోనూ కప్పలేరు. తప్పిన నూలును తండ్రి ఎన్నడూ మగ్గం ఎక్కించలేదు. పండుగ ముంగిట సైతం కళ్లనీళ్లు పెట్టుకొని పక్కన పడేశాడు. ఆ ఇంట పుట్టిన బిడ్డకు ఈ సంతకం ఎటువంటి ముడియో ఒకరు చెప్పనక్కరలేదు.

మరొక దృశ్యంకూడ ఆమెకు మెదిలింది. పూర్వం వారి వీధి ఆడకూతురొకతెను కొట్టి చంపిన కేసులో సర్కారు వకీలు, చనిపోయిన పిల్ల తల్లిని బోనులోకి పిలిచి, "నువ్వు ఎవరమ్మా, ముద్దాయి తరఫా?" అని అడిగాడు. తన సాక్షి ఎవరో తానెరుగని వకీలు. బీదవాడికి వకీలు లేనప్పుడు రాజ్యమే వకీలు కావాలి, ఆ వకీలు తానే కావాలి అని చిన్నతనంలో సుకాంతి పంతం పట్టినది ఆనాడే.

"సార్, మీ దగ్గర చేరిన కొత్తలో మొదటి కేసు గెలిచామని మిఠాయి తెచ్చాను, గుర్తుందా? మీరు ముట్టలేదు. 'ప్రాసిక్యూటర్ గెలవడు, ఓడడు. ప్రాసిక్యూటర్‌కి పక్షం ఉండదమ్మా. నిజం ఎటు ఉంటే అటు నిలబడి దాన్ని కోర్టుకి చూపించడమే పని' అన్నారు. ఆ పొట్లం ఇంటికి తీసుకెళ్లి మా నాన్నకి ఇచ్చి, ఇదీ మా గురువుగారి మాట అని చెప్పాను. మీరు ఇచ్చిన ఉద్యోగం తీసేసుకోండి. ఆ మాట మాత్రం తిరిగి ఇవ్వను."

హోతా ముఖం ఎర్రబడింది. "మాటలు! మాటలతో శిక్ష పడుతుందా? ఉద్ధవ్ నోరు విప్పాలి కదా? వాడు విప్పడు. భయపెట్టినా విప్పడు, బతిమాలినా విప్పడు. వాళ్లిద్దరి మధ్యా జగన్నాథుడు ఉన్నాడు, తెలుసా నీకు!"

అన్నాక ఆయన పెదవి కొరుక్కొన్నాడు. ఆకు నోట పెట్టుకొని కిటికీ వైపు తిరిగాడు.

సుకాంతి ఆ కాగితాన్ని అందుకొని, బోర్లా తిప్పి, ఆయన ముందు పెట్టి, దానిమీద ఆయన తమలపాకుల పెట్టెను ఎత్తిపెట్టింది. "ఇక్కడే ఉండనివ్వండి సార్. గాలికి ఎగిరి ఎవరి కంటైనా పడితే మీకే ఇబ్బంది" అని తలుపు తీసుకొని బయటికి నడిచింది. గురువుకు నమస్కరించకుండా ఆ గడప దాటడం ఆమెకు అదే మొదటిసారి.

* * *

జగన్నాథుడు ఉన్నాడు. ఆ మాట ఆమె చెవిలో రొద పెడుతున్నది. డబ్బు ఉన్నది అనలేదు, భయం ఉన్నది అనలేదు. అంత ధీమాగా జగన్నాథుడు ఉన్నాడని గురువు ఎందుకన్నాడు?

వరండా చివర గోడకు ఆనుకొని ఉద్ధవ్ కూర్చొని ఉన్నాడు. ముందు పరచిన గుడ్డమీద ముఢీ, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ ఉన్నవి. అతడు ముట్టలేదు. కానిస్టేబుల్ ఒకడు దగ్గరలో బీడీ కాలుస్తున్నాడు. సాక్ష్యం నడుమ ఉన్న సాక్షితో మాట్లాడరాదన్న నియమం సుకాంతి ఎరుగును. ఆమె అతడి వైపు కన్నెత్తలేదు. కొళాయి దగ్గర చెంబు నింపుకొంటున్న అతడి భార్య సేబతి పక్కకు వెళ్లి నిలబడింది.

నిజానికి ఈ కేసులో ఉద్ధవ్‌తో ఆమె మాట్లాడినది ఒకేసారి. అప్పుడును పక్కన ఇన్‌స్పెక్టర్ బెహెరా కూర్చుని ఉన్నాడు. ఏమడిగినా ఉద్ధవ్ తల ఊపాడు. అదే చాలుననుకొన్నది తాను. ఆనాటి సర్కారు వకీలును తప్పుపట్టిన తాను, తన సాక్షిని ఎంత ఎరుగును?

"సేబతీ, మీ ఆయన ఎందుకిలా చేశాడు?"

సేబతి చెంబు ఠపీమని కింద పెట్టింది. "మీరే చెప్పాలి వకీల్ నానీ, అక్కా! నలుగురిలో నిలబెట్టి మనిషిని అలా ఉతికి ఆరేస్తారా? పేరు, పేరు, పేరు! ఒకటే పీకులాట. ఇంత చదువుకున్నారు, ఏం అడగాలో ఏం అడక్కూడదో మీ ఇంట్లో చెప్పలేదా?"

"కొట్టినవాడి పేరు అడగకపోతే ఇంకేం అడగను?"

"ఆ పేరు మా ఇంట్లో ఎవ్వరం అనం. నేను అనను. నా పిల్లలకి ఆ పేరేంటో కూడా తెలీదు. మహాప్రసాద్ వచ్చాడు అంటాం, మహాప్రసాద్ పిలిచాడు అంటాం. అంతే."

సుకాంతి కొళాయి గట్టును పట్టుకొన్నది.

"మహాప్రసాద్? ఉద్ధవ్‌కీ, ఆ గౌంతియాకీ?"

"చిన్నప్పుడే. రథం లాగే రోజున. వీళ్ల నాన్న వాళ్ల పొలంలో పాలేరు. ఈ ఇద్దరూ ఒకే పళ్లెంలో తినేవాళ్లట, ఒకే గేదె మీద ఎక్కేవాళ్లట. పెద్దాయన, మహాప్రసాద్ నాన్న, మంచివాడు. పూరీ నుంచి తెచ్చిన మహాప్రసాదం మెతుకులు వీడి చేత వాడి నోట్లో, వాడి చేత వీడి నోట్లో పెట్టించాడు రథం ముందు. అప్పటి నుంచి ఒకరి పేరు ఒకరు పలికింది లేదు. ఆయన ఎంత చెడిపోయినా మా ఆయన మాత్రం..." సేబతి కొంగుతో ముఖం తుడుచుకొన్నది.

ఆ నేలమీద పుట్టినవారికి ఈ కట్టుబాటు విప్పి చెప్పనక్కరలేదు. సుకాంతి తల్లికి సైతం ఒక మహాప్రసాద్ ఉండేది. పండుగ పండుగకూ పిండివంటల గిన్నెతో వచ్చి, సుకాంతి తల దువ్వి, సాయంకాలందాకా తల్లితో వక్కలు కత్తిరిస్తూ కబుర్లాడేది. ఆమె పేరేమిటో సుకాంతికి తెలిసినది ఆమె చనిపోయాకనే, కర్మకాండలో పురోహితుడు పలికినప్పుడు. తల్లి ఆ పేరు చెవిని పడకుండా రెండు చేతులా చెవులు మూసుకొన్నది. పంక్తిభేదం లేక సర్వజనులను ఒక్క విస్తరిముందు కూర్చుండబెట్టే స్వామి ప్రసాదం అది. దానిని సాక్షిగా పెట్టుకొన్న మైత్రి రక్తబంధాని కన్నా గట్టిది. ఇంత ఎరిగిన తాను, నల్లకోటు తొడగగానే అదంతా మరచి, పేరు, పేరు అని ఆ మనిషి గుండెలో గుచ్చింది.

"ఆయన తరఫువాళ్లు డబ్బు పంపారా?"

"సంచీతో వచ్చారు. మా ఆయన గుమ్మంలోనే ఆపేశాడు. మహాప్రసాద్ ఇంటి అన్నం పంపితే కళ్లకద్దుకుని తింటాను, డబ్బు పంపితే ముట్టనని చెప్పు అన్నాడు. వాళ్లు వెళ్లాక గోడకి తల కొట్టుకుని ఏడ్చాడు నానీ."

"మరి ఘాసిరాం? అతనికి అన్యాయం జరిగితే మహాప్రసాదం ఊరుకుంటుందా? ప్రసాదం పేరు పలకొద్దంది గాని, అబద్ధం ఆడమని ఎప్పుడైనా చెప్పిందా?"

"అబద్ధం ఆడాడా ఆయన? నోరు తెరిస్తే కదా!" సేబతి తోకతొక్కిన పాములా లేచింది. వెంటనే గొంతు తగ్గించింది. "పేరు అడక్కండి. జరిగింది అడగండి. చెబుతాడు. అంతా చెబుతాడు. ఇంకో సంగతి కూడా..."

ఆమె చూపు సుకాంతి భుజం మీదుగా పోయి ఆగింది. వరండా గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ బెహెరా రెండు గాజుగ్లాసులతో టీ పట్టుకొని నిలబడి ఉన్నాడు. సేబతి చెంబు ఎత్తుకొని మారు మాటాడక వెళ్లిపోయింది.

"భోజనం లేదు, కనీసం చా అయినా తాగండి మేడమ్" అన్నాడు బెహెరా నవ్వుతూ. "ఆమెతో ఏం మాట్లాడుతున్నారు? ఈ జనం మాటలు నమ్మొద్దు. ఎదురు తిరిగిన సాక్షి అని చెప్పేసి కూర్చోండి. ఇవాళ్టితో వాణ్ణి వదిలించుకుందాం."

సుకాంతి గ్లాసు అందుకొన్నది. "చూద్దాం ఇన్‌స్పెక్టర్ గారూ."

* * *

కోర్టు తిరిగి కొలువుతీరింది. హోతా వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. బోర్లించిన కాగితం ఆయన ఒడిలోని ఫైలులో ఉన్నదని సుకాంతికి తెలుసు. ఈ సాక్షి మరల మూగవోతే, ఆ కాగితం ఈరోజే మరొక దారిన న్యాయాధిపతి బల్లకు చేరుతుందనీ తెలుసు. ఆమె వెనుక, ఎప్పటి కుర్చీలో, బెహెరా.

ఉద్ధవ్ బోనులో నిలిచాడు. సుకాంతి తన చోటు విడిచి రెండడుగులు ముందుకు వచ్చింది.

"ఉద్ధవ్, పొద్దున నేను అడిగిన ప్రశ్న తప్పు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. నిన్ను ఎవరి పేరూ అడగను."

ఉద్ధవ్ మొదటిసారి తల ఎత్తాడు.

"పేరు అడక్కపోతే ఊరు అడుగుతారా?" అని మహాపాత్ర వెనుక నుండి ఎత్తిపొడిచాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఆ రోజు మండీ గేటు దగ్గర ఘాసిరాంను ఇనుపకడ్డీతో కొట్టిన మనిషిని నువ్వు చూశావా?"

"చూశాను, ఆజ్ఞా" అన్నాడు, పెద్దలను సంబోధించే ఆ ప్రాంతపు మర్యాదతో.

"ఆ మనిషి ఇప్పుడు ఈ హాల్లో ఉన్నాడా?"

మహాపాత్ర విసవిసా లేచాడు. "అభ్యంతరం హుజూర్! ఇది జవాబు నోట్లో పెట్టి చప్పరించమనడం. సాక్షికి పేరు తెలీదంటే తెలీదని రాసుకోండి. పేరు లేని ముద్దాయి మీద కేసేమిటి?"

"నేను జవాబు పెట్టలేదు హుజూర్. ఎవరినీ చూపించలేదు, ఎవరి పేరూ అనలేదు. కళ్లతో చూసినవాణ్ణి వేలితో చూపించమంటున్నాను. ఈ సాక్షి ఆ పేరు ఎందుకు పలకడో ఈ హాల్లో చాలామందికి తెలుసు. తెలిసీ పొద్దున నవ్వారు. రథం ముందు ఒకరి నోట ఒకరు మెతుకు పెట్టుకున్న ఇద్దరిలో ఒకడు ఇతను. మన నేలమీద ఆ మాటకి ఇంకా విలువ ఉంటే, ఇతని మౌనాన్ని అబద్ధం కింద జమకట్టొద్దని నా మనవి. చట్టం నిజం అడుగుతుంది. ఆ నిజం నోటితోనే రావాలని ఎక్కడా రాయలేదు."

న్యాయాధిపతి త్రిపాఠీ కలం కింద పెట్టాడు. ఆయన ఉద్ధవ్‌ను, ఆ తరువాత ముద్దాయిని, తేరిపార చూశాడు. "మహాపాత్ర బాబూ, కూర్చోండి. నాకూ ఊళ్లో ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు నన్ను ఏ కోర్టు అడిగినా చెప్పను" అని, గుమాస్తా వైపు తిరిగి, "రాసుకో" అన్నాడు. "సాక్షీ, చూపించు."

ఉద్ధవ్ కుడిచేయి మెల్లమెల్లగా లేచింది. బస్తాలు మోసి మోసి కాయలు కాసిన ఆ వేలు ముద్దాయిల బోను వైపు సాగి, భవానీ గౌంతియా మీద నిలిచింది.

"మహాప్రసాద్!"

అరిచినది భవానీ గౌంతియా. కోపంలో, భయంలో, మెడకు ఉరి బిగుస్తున్న ఆ క్షణంలో సైతం, ఆ నోట ఉద్ధవ్ పేరు రాలేదు. ఏ బంధం తనను కాపాడగలదని ఇన్నాళ్లు నమ్మాడో, ఆ బంధం ఉన్నదని అతడి కేకే ఒప్పుకొన్నది. ఉద్ధవ్ చాచిన చేతిని దించి, రెండు చేతులు జోడించి, అదే బోనువైపు వంగి నమస్కరించాడు. కన్నీళ్లు గంఛా మీద టపటప రాలినవి. చివరి బల్లమీద ఘాసిరాం భార్య లేచి నిలబడింది. ఆమె మరల కూర్చోలేదు.

"సాక్షి ముద్దాయిని గుర్తించినట్టు రాసుకో" అన్నాడు త్రిపాఠీ.

ముందు వరుసలో హోతా తల వంచుకొని ఉన్నాడు. ఆ ఫైలు ఇక ఆయన ఒడిలోనుండి కదలదు. "ఇంతే హుజూర్" అని చెప్పి ఆమె వెనుదిరుగబోయింది.

"ఇంకా ఉంది, ఆజ్ఞా" అన్నాడు ఉద్ధవ్.

అతడి గొంతు మారింది. ఇందాకటి తడి లేదు.

"ఘాసిరాం గట్టివాడు, ఆజ్ఞా. ఊరికే దెబ్బ తినేవాడు కాదు. కడ్డీ పైకి లేచినప్పుడు ఘాసిరాం చేతులు వెనక్కి విరిచి పట్టుకున్న మనిషి ఇంకొకడు ఉన్నాడు. నా చేత వేలిముద్ర వేయించుకున్న కాగితంలో ఆ మాట రాయలేదు. చెప్పాను, రాయలేదు. ఆ మనిషి పేరు నేను పలకొచ్చు. వాడితో నాకు ప్రసాదం లేదు."

అతడి చూపు మహాపాత్ర మీదికి పోలేదు, జనం మీదికి పోలేదు. తిన్నగా ప్రాసిక్యూషన్ బల్ల వైపే వచ్చింది. సుకాంతి వెనుక కుర్చీ కాళ్లు నేలను కీచుమని రాచినవి. ఫైళ్ల దొంతర జారి పడింది. ఆమె తిరిగి చూసింది. ఇన్‌స్పెక్టర్ అనంగ్ బెహెరా లేచి నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ నవ్వే ఆ ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"హుజూర్, వీడికి మతి పోయింది. మేడమ్, చెప్పండి... ఎదురు తిరిగిన సాక్షి అని చెప్పండి" అన్నాడు బెహెరా.

ముందు వరుసలోంచి హోతా సగం లేచి, కూర్చో, కూర్చో అని సుకాంతికి చేతితో సైగ చేశాడు. ఆ సైగలో కోపం లేదు, భయం ఉన్నది. తన కేసును తన చేతులతోనే కూల్చుకోవద్దని శిష్యురాలిని వేడుకొంటున్న ముసలి చేయి అది. ఈ దర్యాప్తు పోతే కడ్డీ పోతుంది, నెత్తురు పరీక్ష పోతుంది, కేసులోని ప్రతి కాగితం మీద బెహెరా సంతకమే ఉన్నది. మహాపాత్ర ముఖంలో అప్పుడే పండుగ మొదలైంది.

న్యాయాధిపతి కలం ఎత్తి పట్టుకొన్నాడు. "మేడమ్ ప్రాసిక్యూటర్, మీ సాక్షి మీ దర్యాప్తు అధికారి వైపు చూస్తున్నాడు. ఇక్కడితో ఆపుతారా, ఇంకా అడిగేది ఉందా? బాగా ఆలోచించి చెప్పండి."

బల్లమీద తాను తాగని టీ గ్లాసు చల్లారి మీగడ కట్టి ఉన్నది. సుకాంతి దానిని పక్కకు జరిపింది. నేల రాలిన ఫైళ్లను దాటుకొని, గురువు సైగను దాటుకొని, సాక్షి బోనుకు ఎదురుగా వచ్చి నిలిచింది.

"ఉంది హుజూర్" అన్నది. ఆ తరువాత ఉద్ధవ్ కళ్లలోకి చూసి, హాలు చివరి బల్లకు వినబడేటట్లు అడిగింది.

"ఈసారి పేరే అడుగుతున్నాను, ఉద్ధవ్. చెప్పు."